తిరగేసి తొడిగిన జాకెట్టు

ఏదో తేడా జరిగిందని మొదటిసారి అనిపించింది గుడిలో. ఆ రోజు శనివారం. ఫిజీలో నౌసోరి దగ్గర మా సంఘం గుడిలో సహస్రనామం చదివే పని చాలా ఏళ్ళుగా నాది. తెలుగు లిపి చదవగలిగినవాళ్ళం మా వైపు ఇప్పుడు ఇద్దరమో ముగ్గురమో మిగిలాం. చదువుతుండగా పుస్తకం మీద ఒక వెంట్రుక కనిపించింది. చేత్తో తుడిచాను. పోలేదు. ఊదాను. పోలేదు. పేజీ తిప్పితే ఆ పేజీలోకీ వచ్చింది.

పక్కన కూర్చున్న నా భార్య కమల నా మోచేయి తట్టి, "పుస్తకాన్ని కాహే కొడుతున్నారు?" అని గుసగుసగా అడిగింది.

అప్పుడు తెలిసింది, వెంట్రుక పుస్తకం మీద లేదు, నా కంట్లో ఉందని. మిగిలిన నామాలు నోటికి వచ్చినవే కాబట్టి చూడకుండా చదివేశాను. ఎవరికీ తెలియలేదు. అలా తెలియకుండా చేయగలిగినందుకు ఆ రోజు గర్వపడ్డాను కూడా.

షుగరు ఉన్నవాళ్ళ కోసం, వాళ్ళని చూసుకునేవాళ్ళ కోసం ఇది చెబుతున్నాను. నాకు ఇప్పుడు చూపు లేదు. నేను చెబుతుంటే మా గుడి పంతులుగారు రాసిపెడుతున్నారు. నన్ను నేను సమర్థించుకునే వాక్యం ఎక్కడైనా వస్తే కొట్టేయమని ఆయనకి చెప్పాను.

మా ఇంటి సంగతి కొంత చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా ముత్తాత గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, కాగితం మీద వేలిముద్ర వేసి చెరకు తోటల్లోకి వచ్చాడు. ఆయన కొడుకు, మా తాత, రేవా నది పక్కన రైస్ మిల్లు పెట్టాడు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆ రోజు మిల్లు ముందు కొత్త జెండా ఎగరేసి మా తాత ఊరందరికీ అన్నం పెట్టాడు. మనవాళ్ళూ, ఇక్కడి మూలవాసులైన కాయివీతీలూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారు. మిల్లు గోడ మీద మా ఇంటిపేరు ఆకుపచ్చ అక్షరాల్లో ఉండేది. నదికి అవతలి గట్టు మీద నిలబడినా కనిపించేది.

తర్వాత పైదేశపు బియ్యం వచ్చింది. భూముల లీజులు అయిపోయి, వరి పండించేవాళ్ళు తగ్గిపోయారు. మా నాన్న, బాబాయిలు కోర్టుకెక్కారు. చివరికి పశువుల దాణా తయారుచేసే ఒక కంపెనీ మిల్లు కొనుక్కుంది. మా పేరు మీద రంగు వేసి వాళ్ళ పేరు రాశారు. అప్పటినుంచి నేను ఆ రోడ్డు తొక్కలేదు. బస్సు అటు తిరిగేదైతే ఒక స్టాపు ముందే దిగి వేరే బస్సు ఎక్కేవాణ్ణి. బడిపంతులుగా చేరి హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. ఇస్త్రీ చొక్కా లేకుండా గేటు దాటలేదు. ఎవరినీ ఏదీ అడగలేదు.

కంట్లో వెంట్రుక కనబడిన రెండు నెలలకి హెల్త్ సెంటర్‌కి వెళ్ళాను. అదీ కమల పోరు పడలేక. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఒకప్పుడు మా బడిలోనే చదివింది. షుగరు చూసి, కంట్లో లైటు వేసి చూసి, "మాస్టర్, ఇది డయాబెటిక్ రెటినోపతి. లోపల కొత్త రక్తనాళాలు పుడుతున్నాయి. అవి చాలా పల్చగా ఉంటాయి, పగలొచ్చు. లేజర్ చేయించుకోవాలి. వచ్చే వారం సువా నుంచి టీమ్ వస్తోంది, పేరు రాయనా?" అంది.

రాయమన్నాను. వచ్చే వారం వెళ్ళాను కూడా. వరండా నిండా బెంచీలు, బెంచీల నిండా మనుషులు. సగం మందిని చూడగానే గుర్తుపట్టాను. ఒకప్పుడు మా మిల్లులో బస్తాలు మోసినవాళ్ళు, వాళ్ళ కొడుకులు. "ఆవో మాస్టర్, బైఠో, ఇక్కడ జాగా ఉంది," అని ఒకాయన జరిగి చోటిచ్చాడు. ప్రేమగానే పిలిచాడు. నేను గడియారం చూసుకుని, ఎక్కడో మీటింగ్ ఉన్నట్టు నటించి, వెనక్కి తిరిగి బయటికి వచ్చేశాను. సువాలో ప్రైవేటుగా చూపించుకుంటానని కమలకి చెప్పాను. చూపించుకోలేదు.

ఏడాది దాటింది. ఒక ఉదయం ముఖం కడుక్కుని తలెత్తితే ఎడమ కంట్లో ఎర్రటి పొగ కిందనుంచి పైకి లేచింది. నొప్పి లేదు. టవల్ వెతుక్కునే లోపు సగం అద్దం పోయింది. సువాలో పెద్ద డాక్టరు పేరు చెప్పాడు: విట్రియస్ హెమరేజ్. ఆ మాటతో పాటు ఆయన ఇంకో మాట అన్నాడు. "ఏడాది ముందు వచ్చుంటే లేజర్‌తో ఆగేది." కోపంగా కాదు, రిపోర్టు చదివినట్టు చెప్పాడు.

బయటి దేశం నుంచి వచ్చిన సర్జన్లు ఎడమ కన్నుకి ఆపరేషన్ చేశారు. విట్రెక్టమీ అంటారు. కొన్ని వారాలు నీళ్ళలోంచి చూసినట్టు కొంచెం కనిపించింది. కమల చీర రంగు చెప్పగలిగాను. తర్వాత రెటీనా ఊడింది. రెటినల్ డిటాచ్‌మెంట్. ఆ కన్ను అక్కడితో సరి. కుడి కంటికి లేజర్ మీద లేజర్ చేశారు. అదీ ఆ చలికాలం దాటలేదు. ఆఖరుగా నేను స్పష్టంగా చూసింది హాస్పిటల్ కిటికీ ఊచ. దాని మీద తుప్పు. ఇంకేదైనా మంచిది చూసి ఉండాల్సింది.

రక్తపరీక్షలో క్రియాటినిన్ కూడా కొంచెం పెరిగిందన్నారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో ఆ అంకె చెబుతుందని, అది పెరగకూడదని డాక్టరు చెప్పాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంట్లో నా రోజులు కుర్చీలో గడిచాయి. తెల్ల కర్ర ఇచ్చారు. ఇంట్లో వాడాను, వీధిలోకి తీసుకెళ్ళలేదు. కమల మోచేయి పట్టుకుని నడిస్తే నలుగురికీ భార్యాభర్తలు షికారుకి వెళ్తున్నట్టు ఉంటుందని నా లెక్క. ఒకసారి ఆమె మార్కెట్‌లో దాలో దుంపలు ఏరుకుంటుంటే నేను నాలుగడుగులు సొంతంగా వేసి డ్రెయిన్‌లో పడ్డాను. మోకాలు పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత గేటు దాటడం మానేశాను. కమలకీ నడుంనొప్పి మొదలైంది. నా బరువంతా ఎప్పుడూ ఆమె మోచేతి మీదే కదా.

కంటి క్లినిక్‌లో ఎవరో నా పేరు ఒక సేవాసంస్థకి ఇచ్చారు. చూపు లేనివాళ్ళకీ, కాళ్ళు చేతులు సరిగా ఆడనివాళ్ళకీ తర్ఫీదు ఇచ్చిన కుక్కల్ని ఇచ్చే సంస్థ. ఒక రోజు గేటు చప్పుడైంది. "బూలా మాస్టర్," అని కాయివీతీ భాషలో పలకరించింది ఒక ఆడగొంతు, పక్కనే వేగంగా ఊపిరి తీస్తున్న ఇంకో ప్రాణి. ఆమె పేరు సేరా, ట్రైనర్. కాయివీతీ మనిషి, ఫిజీ హిందీ మాత్రం మనకంటే చక్కగా మాట్లాడుతుంది. కుక్క పేరు తారా. నల్ల లాబ్రడార్.

"మా ఇంట్లో కుక్క వంటింటి గడప దాటదు," అన్నాను.

"పర్వాలేదు మాస్టర్, తారా వంట చేయదు," అంది సేరా. కమల నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది. అందుకే సరేనన్నాను.

ఆరు వారాలు సేరా రోజూ వచ్చింది. హార్నెస్ పట్టీ నా ఎడమ చేతిలో ఉంటుంది. తారా ఆగితే నేను ఆగాలి. తారా తిరిగితే నేను తిరగాలి. నేను ముందుకు లాగితే సేరా వెనకనుంచి, "మాస్టర్, ఇది మీ బడి కాదు. ఇక్కడ హెడ్‌మాస్టర్ తారా," అనేది. మూడో వారంలో మెయిన్ రోడ్డు దాటాం. అయిదో వారంలో కమల లేకుండా గుడికి వెళ్ళి వచ్చాను. వచ్చి గేటు గడియ నేనే వేశాను. కమల మెట్ల మీద నిలబడి ఉందని ఆమె ఊపిరి బట్టి తెలిసింది. టీ పెట్టింది, తాగాం.

తారాకి ఒక జాకెట్టు ఉండేది. బయటికి వెళ్ళినప్పుడు హార్నెస్ కింద తొడగాలి. "దాని మీద ఏం రాసుంది?" అని మొదటి రోజే కమలని అడిగాను. "ముట్టుకోవద్దని రాసుంది, బస్," అంది. సేరా మాత్రం దాని గురించి చాలాసార్లు చెప్పింది. "తారాకి నోరు లేదు మాస్టర్. తను చెప్పాల్సింది ఈ జాకెట్టు చెబుతుంది. ఎప్పుడూ తొడిగి ఉంచండి. ఇంటి తిండి వద్దు. చాక్లెట్, ఉల్లి, కిస్‌మిస్ అసలే వద్దు." బడిలో నేను చదివే సర్క్యులర్‌లాగే ఆ జాబితా విన్నాను. ఇంకెవరి కోసమో రాసినట్టు.

తారా దాణా సంచీ విప్పినప్పుడల్లా ఒక వాసన వచ్చేది. వేడి తవుడు వాసన. మరపట్టే రోజుల్లో మా తాత చొక్కాకి ఉండే వాసన. అడగలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందో లోపల ఎక్కడో తెలిసే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం తారాకి బ్రష్ చేసి, విప్పిన జాకెట్టు మడుస్తున్నాను. వేళ్ళకి దారంతో కుట్టిన అక్షరాలు తగిలాయి. పై వరస పెద్ద అక్షరాలు. ఒక్కొక్కటే తడుముతూ వెళ్ళాను. నాలుగో అక్షరం దగ్గర మిగతావి తడమక్కర్లేదని తెలిసింది. మిల్లు గోడ మీద మా పేరు చెరిపి రాసిన పేరు అది.

"కమలా, ఈ పేరు నీకు తెలుసు."

వంటింట్లో కూర తరుగుతున్న కత్తి ఆగలేదు. "తెలుసు."

"మొదటి దినం నుంచీనా?"

"మొదటి దినం నుంచీ. అందుకే ముట్టుకోవద్దని రాసుందని అబద్ధం ఆడాను. చెప్తే కుక్కని గేటు దాటనిస్తారా మీరు?"

"వాళ్ళు మా తాత పేరు మీద రంగేశారు."

"వేశారు. ఆ రంగు కూడా పోయింది, దాని మీద ఇంకో రెండు మాట్లు వేశారు. మీకేం తెలుసు, ఆ రోడ్డు మీదకి పోరు కదా." అప్పుడు కత్తి ఆగింది. "మిల్లు పోయి ముప్పై ఏళ్ళు. కళ్ళు పోయి మూడేళ్ళు. దేనికి ఏడుస్తారో మీ మర్జీ. ఈ కుత్తీని మాత్రం నేను పంపను."

మిగతాది కూడా అప్పుడే చెప్పింది. ఆ సంస్థకి తిండి, పశువుల డాక్టరు, సేరా జీతం, న్యూజిలాండ్ నుంచి కుక్కపిల్లల్ని తెప్పించడం, అన్నీ ఆ కంపెనీవే. పదిహేనేళ్ళుగా ఒక్క ఏడాది ఆపలేదు. తుఫానుకి గోదాం పైకప్పు ఎగిరిపోయిన ఏడు కూడా ఆపలేదు. మిల్లులో పనిచేసేవాళ్ళే ప్రతి కుక్కపిల్లకీ పేరు పెడతారు. చూసుకునే మేనేజరు అశోక్. అశోక్ వాళ్ళ నాన్న మా తాత మిల్లులో బస్తాలు మోసేవాడు.

ఆ సాయంత్రం ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. తారా ఉంటుంది. జాకెట్టు తిరగేసి తొడగాలి. అక్షరాలు లోపలికి, ఉత్త గుడ్డ బయటికి. కమల రెండు రోజులు వాదించి ఊరుకుంది. సేరా నెలకోసారి చూడడానికి వచ్చే రోజున మాత్రం కమల సరిగ్గా తొడిగేది. ఈ దొంగపనిలో ఆమెని కూడా కలిపింది నేనే.

నా తల కొంచెం ఎత్తినట్టయింది. ఊళ్ళో నడుస్తుంటే నా కుక్క నా కుక్కలాగే ఉంది. ఎవరి ముద్రా లేదు.

రెండేళ్ళు అలా నడిచాం. ఆ రెండేళ్ళ గురించి పెద్దగా చెప్పలేను. ఒక్కటి చెబుతాను. షుగరు తగ్గితే నాకు చెమటలు పట్టకముందే తారా లేచి మోకాలికి తల ఆనించేది. ఎవరూ నేర్పలేదని సేరా చెప్పింది. గ్లూకోమీటర్ తీసి చూస్తే ప్రతిసారీ తారా మాటే నిజమయ్యేది.

మా ఇంట్లో ఏటా సత్యనారాయణ కథ చేయించడం మా తాత పెట్టిన ఆచారం. మిల్లు రోజుల్లో కూలీలందరికీ ఆ రోజు ప్రసాదం, భోజనం. ఇల్లు చిన్నదైనా, మనుషులు తగ్గినా నేను మానలేదు. సూజీ ప్రసాదంలో కిస్‌మిస్ పిడికిళ్ళతో వేయాలి. తక్కువ వేస్తే మా తాత పళ్ళెం వెనక్కి పంపేవాడు. ఆ ఏడు నేను కమల పక్కన నిలబడి, ఇంకొంచెం వెయ్యి, ఇంకొంచెం వెయ్యి అని వేయించాను. కళ్ళు లేవు గనక వేళ్ళతో తడిమి చూశాను, చాలినన్ని ఉన్నాయా అని.

కథ శనివారం మధ్యాహ్నం అయిపోయింది. పాతికమంది దాకా వచ్చారు. తారా నా కుర్చీ పక్కన పడుకుని ఉంది, తిరగేసిన జాకెట్టుతో. మా పొరుగావిడ ముందుగా అడిగింది. "మాస్టర్, దీనికీ ప్రసాదం పెట్టనా? పొద్దున్నుంచీ కూచుంది, పాపం."

"పెట్టమ్మా," అన్నాను. "మా తాత గుమ్మంలో ఎవరూ ఒట్టి చేతులతో పోలేదు."

ఆవిడ పెట్టింది. ఆవిడని చూసి ఇంకొకరు పెట్టారు. వెళ్ళేవాళ్ళు వెళ్ళేవాళ్ళు ఒక్కొక్క ముద్ద. లాబ్రడార్ వద్దనదు. నేను ఆ నాలుక చప్పుడు వింటూ సంతోషంగా కూర్చున్నాను. జాకెట్టు రెండో వరసలో ఏం రాసుందో నాకు తర్వాత తెలిసింది. 'దయచేసి నాకు తిండి పెట్టకండి.' మూడో వరసలో ఒక ఫోన్ నంబరు, ఏ గంటలోనైనా పలికేది. మూడు వరసలూ లోపలి వైపు, దాని ఒంటికి ఆనుకుని ఉన్నాయి.

ఆ సాయంత్రమే రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆదివారం పొద్దున దాణా ముట్టలేదు. కమల జాకెట్టు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నంబరు ఉంది. ఫోన్ చేస్తాను."

"తిన్నది ఎక్కువైంది. జీలకర్ర నీళ్ళు పట్టు, తగ్గుతుంది."

"కుక్కకి జీలకర్ర నీళ్ళేంటి? తనిక్ మాట వినండి."

"ఫోన్ చేస్తే ఎవరు వస్తారు? అశోక్ వస్తాడు. పూజ పేరు చెప్పి మా కుక్కని పాడుచేశారని వాడి నోట నేను వినాలా? సోమవారం చూద్దాం. నేనే సొంతంగా డాక్టరుకి చూపిస్తాను."

కమల జాకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజంతా తారా నీళ్ళు తాగుతూనే ఉంది, మూత్రానికి మాత్రం బయటికి వెళ్ళలేదు. నేను పక్కన నేల మీద కూర్చుని చెవులు నిమిరాను. అది మామూలుగా తోక రెండుసార్లు కొట్టేది. ఆ రోజు ఒక్కసారే కొట్టింది.

సోమవారం పొద్దున లేవలేకపోయింది. నన్ను అడగకుండా కమల ఫోన్ చేసింది. అరగంటలో వ్యాన్ వచ్చింది. సేరా, వెనక అశోక్. సేరా జాకెట్టు చేతిలోకి తీసుకున్న చప్పుడు విన్నాను. తిప్పి చూసినట్టుంది. "ఏం తింది?" అని మాత్రం అడిగింది. చెప్పాను. కిస్‌మిస్ అనగానే ఆమె కూర్చుండిపోయింది.

సువాలో పశువుల డాక్టరు డ్రిప్ పెట్టాడు. రక్తం తీశాడు. బయటికి వచ్చి ఇంగ్లీషులో చెప్పాడు. "అక్యూట్ కిడ్నీ ఫెయిల్యూర్. క్రియాటినిన్ చాలా పెరిగిపోయింది. యూరిన్ రావడం లేదు. తిన్న గంట రెండు గంటల్లో ఫోన్ చేసుంటే వాంతి చేయించి, చార్‌కోల్ పట్టించి, డ్రిప్ పెట్టేవాళ్ళం. చాలావరకు బతుకుతాయి. నిన్న వచ్చినా ఎంతో కొంత ఆశ ఉండేది."

ముందు వచ్చుంటే. ఈ మాట నాకు రెండో డాక్టరు చెప్పాడు. మొదటిసారి పోయినవి నా కళ్ళు. అవి నావి, పోగొట్టుకునే హక్కు నాకుందని అనుకోవచ్చు.

మంగళవారం, బుధవారం అక్కడే ఉన్నాం. అశోక్ కుర్చీ తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. మిల్లుకి సెలవు పెట్టి వచ్చాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బావుండేది. బుధవారం మధ్యాహ్నం మెల్లగా మాట్లాడాడు, హిందీలో.

"మాస్టర్ జీ, మా బాబు మిల్లులో పడిపోయిన సంగతి మీకు గుర్తుందా? కాలు మీద బస్తాలు పడ్డాయి."

"గుర్తుంది."

"మీ తాత ఎవర్నీ అడగలేదు. కారు తీసి వెనక సీట్లో పడుకోబెట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. సీటంతా రక్తం. మా బాబు వద్దనలేదు. సిగ్గుపడలేదు. చచ్చేదాకా ఆ కారు సంగతి చెప్పుకునేవాడు. తర్వాత బాబుకి షుగరుతో కళ్ళు పోయాయి, మీలాగే. అప్పుడు మా దగ్గర కుక్కలు లేవు. కర్ర పట్టుకుని నదిలోకి జారాడు. అందుకే కంపెనీని అడిగి ఈ పని మొదలుపెట్టాను. ఒక్క ఫోన్, మాస్టర్ జీ. రాత్రయినా పగలయినా నేనే ఎత్తేవాణ్ణి."

ఆయన గొంతులో నింద లేదు.

తారా ఆ రోజు నాలుగింటికి పోయింది. నా చెయ్యి దాని పక్కటెముకల మీద ఉంది. నాలుగు రోజుల్లో ఆ ఒళ్ళు ఎంత సన్నబడిందో చేతికి తెలిసింది. మిల్లు గోదాం వెనక నది గట్టున పూడ్చారు. మిల్లు మనుషులు పని ఆపి వచ్చారు. ఆ పేరు పెట్టిన ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ళు పూలు తెచ్చారు. ముప్పై ఏళ్ళ తర్వాత నేను ఆ ఆవరణలో అడుగుపెట్టింది అలా. గోడ మీద ఏ పేరుందో నాకు కనబడదు. అడగలేదు కూడా.

తర్వాత నెలల్లో నాకు బాగాలేదు. తిండి వేళకి తినలేదు, ఇన్సులిన్ వేళకి వేసుకోలేదు. మోకాలికి తల ఆనించి చెప్పేవాళ్ళు లేరు. ఒకసారి షుగరు పడిపోయి బాత్‌రూంలో పడ్డాను. కమల ఎత్తలేక పక్కింటివాళ్ళని పిలిచింది. ఆ పొరుగావిడే వచ్చింది, మొదటి ముద్ద పెట్టిన ఆవిడ. నన్ను లేపుతూ ఏడుస్తోంది. "నా చేత్తోనే పెట్టాను మాస్టర్," అంది. ఇన్ని నెలలుగా ఆవిడ ఆ బరువు మోస్తోందని నాకు తట్టనే లేదు. జాకెట్టు తిరగేసింది నేనని, మీకు చదివే అవకాశం లేకుండా చేసింది నేనని ఆవిడకి అప్పుడు చెప్పాను. ఆ సంగతి కమలకి కాకుండా ఇంకొకరికి చెప్పడం అదే మొదలు.

చెప్పాక రెండోసారి చెప్పడం తేలికైంది. తెల్ల కర్ర తీసుకుని వీధిలోకి వెళ్ళడం మొదలుపెట్టాను. హెల్త్ సెంటర్‌లో డయాబెటిస్ క్లినిక్ రోజున బెంచీ మీద కూర్చుంటున్నాను, అందరితో పాటు. ఎవరైనా జరిగి చోటిస్తే కూర్చుంటాను.

తారా పోయిన ఎనిమిది నెలలకి ఆ నంబరుకి నేను మొదటిసారి ఫోన్ చేశాను. సేరా ఎత్తింది.

"బూలా మాస్టర్. ఏమైంది?" గొంతులో కంగారు.

"ఏమీ కాలేదు. లిస్టులో పేరు రాయించుకోవాలి."

"మీరు జాకెట్టు తిరగేశారని నేను రిపోర్టులో రాశాను మాస్టర్. రాయక తప్పలేదు."

"రాయాల్సిందే."

"కమిటీ అడుగుతుంది."

"అడగనివ్వండి, చెబుతాను."

"మీ ముందు ఏడుగురున్నారు."

"పర్వాలేదు. వరసలో నిలబడతాను."

కమిటీ నన్ను పిలిచింది. జరిగింది చెప్పాను. ఒప్పుకుంటారో లేదో ఇంకా తెలియదు. ఒప్పుకోకపోతే అదీ న్యాయమే. ఈలోగా అశోక్ ఒక పని అడిగాడు. కొత్తగా కుక్కని తీసుకునేవాళ్ళకి గోదాంలో శిక్షణ ఇస్తారు. అక్కడికి నెలకోసారి వెళ్ళి, నేను చేసింది చెప్పాలి. వెళ్తున్నాను. పోయిన నెల టాబియా నుంచి ఒకావిడ వచ్చింది, స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి పడిపోయిన మనిషి. అంతా విని, "అంత గొప్పింటివాళ్ళు కదా, మీకు ఇది చెప్పడానికి సిగ్గుగా లేదా?" అని అడిగింది. ఉందని చెప్పాను. జాకెట్ల మీద ఇప్పుడు అక్షరాలు రెండు వైపులా కుడుతున్నారు.

షుగరు అదుపులో ఉంది. క్రియాటినిన్ మూడు నెలలకోసారి చూపించుకుంటున్నాను, పెరగలేదు. కళ్ళు రావు. తారా రాదు.

చదివేవాళ్ళకి చెప్పగలిగింది ఒక్కటే. కళ్ళకైనా, కిడ్నీకైనా, మీ ఇంట్లో బతికే మూగప్రాణికైనా, అవసరమైతే చేయమని ఎవరైనా మీకొక నంబరు ఇస్తే, తేడా అనిపించిన మొదటి గంటలోనే చేయండి. అవతల ఎవరు ఎత్తుతారో, ఏమంటారో అని ఆలోచించకండి. నంబరు కాగితం మీద ఉంచుకోవద్దు, నోటికి నేర్చుకోండి. మీ ఇంట్లో ఇంకొకరికి కూడా నేర్పండి, మీరు వద్దన్నా చేసే మనిషికి.

తారా జాకెట్టు సేరా నాకే ఇచ్చేసింది. తలుపు పక్కన మేకుకి తగిలించి ఉంది. బయటికి వెళ్ళేటప్పుడు కర్ర తీసుకుంటూ ఒకసారి ముట్టుకుంటాను. పై వరసలో కంపెనీ పేరు, దాని కింద తిండి పెట్టవద్దన్న మాట, దాని కింద నంబరు. మూడూ వేళ్ళకి తగులుతాయి. కమల దాన్ని సరిగ్గానే తగిలించింది.